పిన్నమ్మ సోఫా వెనక గోడ

నాకు గిద్దలూరు బడికి బదిలీ అయినప్పుడు మార్కాపురంలోని ఇల్లు అమ్మేద్దామనుకున్నాం. పన్నెండేళ్లు కాపురమున్న ఇల్లు. దాని లోపాలు మాకు ఎప్పుడో అలవాటైపోయాయి. వాటిని పరాయి కళ్లతో మొదట చూసినవాడు బేరం కుదర్చడానికి వచ్చిన బ్రోకరు. ఊళ్లో అందరూ అతన్ని భాయ్ అనే పిలుస్తారు. హాల్లో అడుగుపెడుతూనే పడమటి గోడ ముందు ఆగిపోయాడు. నడుమెత్తు వరకు చెమ్మ పట్టి పెచ్చులూడుతున్న గోడ అది.

“అక్కా, ఇది చూసినోళ్లు చాయ్ గూడ తాగకుండ పోతారు,” అన్నాడు.

“మూడుసార్లు పూత పూయించినాం భాయ్. ఇసకలో ఉప్పుందంటాడు మేస్త్రీ,” అన్నాడు మా ఆయన.

“ఉప్పో కారమో, ముందు దాన్ని దాచాల. ఏదన్నా పెద్ద సామాను అడ్డం పెట్టండి. వచ్చినోళ్లు రాంగానే కొళాయి తిప్పి చూపీయండి.”

బడిలో పిల్లలకు అబద్ధమాడవద్దని చెప్పే నేను ఆ వారమంతా మహా హుషారుగా ఉన్నాను. విరిగిన కుర్చీలు అటకెక్కించాను. పగిలిన గచ్చు మీద చాప పరిచాను. మా ఆయన తలుపులకు రంగు వేసి, అది ఆరకముందే దానికే ఆనుకుని ఒక మంచి చొక్కా పోగొట్టుకున్నాడు. ఎండాకాలం కావడంతో మా బోరు ఎండిపోయింది. అందుకని ముందురోజే ట్యాంకరు తెప్పించి మిద్దె మీది తొట్టి నింపేశాం.

గోడకు అడ్డం పెట్టేంత సామాను మాత్రం మాకు లేదు. గోడకు అవతలి ఇంటి పిన్నమ్మకు ఉంది. మాకు చుట్టం కాదు, పక్కింటి వరస. ముదురెరుపు సోఫా కొని ఏడాదైనా దాని ప్లాస్టిక్ కవరు విప్పలేదావిడ.

“ఇస్తాలే అమ్మాయ్. అయితే సోఫాతో పాటు నేనూ వస్తా. ఎవురెట్ల కూచుంటారో ఏమో,” అంది.

ఆదివారం మధ్యాహ్నం తర్లుపాడు వైపు నుంచి ఒక రైతు, అతని భార్య, అతని తల్లి వచ్చారు. పిల్లల చదువుల కోసం టౌనులో ఇల్లు చూస్తున్నారట. సోఫాకు ఒక చివర పిన్నమ్మ పట్టుచీరలో కొలువు తీరి ఉంది. నేను చాయ్ గ్లాసులు తెస్తుంటే ఆవిడ చూపు నా మొహం మీద లేదు, గ్లాసుల మీదే ఉంది.

భాయ్ సైగ చేశాడు. మా ఆయన వంటింట్లోకి వెళ్లి కొళాయి తిప్పాడు. నీళ్లు ధారగా పడ్డాయి. రైతు భార్య మొహం వెలిగింది. ఆ ఉత్సాహంలో మా ఆయన స్నానాలగదిలో కొళాయి కూడా తిప్పాడు. వాకిట్లోదీ తిప్పాడు. మూడు ధారల చప్పుడూ వినేసరికి పిన్నమ్మకు ప్రాణం నిలవలేదు.

“ఆపు నాయనా, ఆపు! ట్యాంకరు నీళ్లు అట్ల పారబోస్తారా ఎవురన్నా?”

భాయ్ కళ్లు మూసుకున్నాడు. నాకు నవ్వు ముంచుకొస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

ముందుగా నవ్వింది ఆ రైతు తల్లి. “మా ఊరికి ట్యాంకరు గూడ రాదులే తల్లీ,” అని లేచి నిలబడింది. “ఆ సోఫా ఒకసారి జరపండి.”

“ఎందుకవ్వా, బరువుంటాది...” అన్నాడు భాయ్.

“అందుకే మిమ్మల్ని జరపమంటన్నా.”

జరిపారు. నాకు తలెత్తబుద్ధి కాలేదు. అవ్వ చెమ్మ మీద అరచెయ్యి ఆనించింది. పెచ్చు గిల్లి వాసన చూసింది.

“ఇది ఉప్పూ కాదు, పప్పూ కాదు. పై నుంచి వచ్చిన నీళ్లూ కాదు. ఈ గోడ అవతల ఏముంది?”

అందరం పిన్నమ్మ వైపు చూశాం.

“ఏముంటాది... నేను అంట్లు తోముకుంటా ఆడ,” అంది పిన్నమ్మ చిన్న గొంతుతో.

పన్నెండేళ్లు మేస్త్రీని తిట్టుకున్నాం. ఇసకను తిట్టుకున్నాం. ప్రతిసారీ ఆ తిట్లలో పిన్నమ్మ కూడా మాతో గొంతు కలిపింది. పాపం, ఆవిడకూ తెలియదు. నాకు మాత్రం కోపానికి బదులు హాయిగా అనిపించింది. గది నిండా దోషులే ఉన్నప్పుడు సిగ్గు పంచుకోవచ్చు.

“అంట్ల కాడ తూము అటుపక్కకు మార్చుకుంటావా?” అని అడిగింది అవ్వ.

“మార్చుకుంటా.”

“అయితే గోడ ఆరతాది. ఇల్లు బాగుంది. బోరు మేం ఇంకా లోతుకు దించుకుంటాం.”

భాయ్ ఆ మాటకు ఎంత తేరుకున్నాడంటే, గోడ గురించి ముందే చెప్పాలనుకున్నానని కూడా అన్నాడు. అవ్వ అతన్ని ఒక చూపు చూసింది. బేరంలో ఆ చూపు బాగానే పనిచేసింది. మేం అనుకున్నదానికి కాస్త తగ్గాల్సి వచ్చింది.

సామాను లారీకెక్కించిన రోజు తాళాలు అవ్వ చేతికే ఇచ్చాను.

“ఇంకా ఏమన్నా దాచినావా తల్లీ?” అంది.

నిజం చెప్పేశాను. “వంటింటి గడప పైన దూలం బాగా కిందికుంటాది అవ్వా. వంగకపోతే తల పగులుతాది.”

అవ్వ వంటింటి దాకా వెళ్లి, దూలం కింద నిటారుగా నిలబడి, తలకూ దానికీ మధ్య జానెడు ఖాళీ ఉందని చేత్తో కొలిచింది.

“నాకేంలే. నా కొడుకు వంగడం నేర్చుకుంటాడు,” అంది.