రెండు వేళ్ళ వదులు

మా వదిన సుగుణ కుట్టుమిషన్ మీద జాకెట్లు కుడుతుంది, కుండీలూ కుడుతుంది. నవ్వకండి, కుండీలే. కైకలూరు దాటి కొల్లేటి వైపు వెళ్ళే దారిలో మా ఇల్లు. పెరటి వెనకే అబ్బాయిరాజు గారి రొయ్యల చెరువు. గట్టు కట్టి నీళ్ళు నిలబెట్టారు కాబట్టి ఆ నీళ్ళు మా గడప కంటే నిలువెత్తు పైన ఉంటాయి. ఉప్పు ఊరి ఊరి మా పెరట్లో గడ్డి కూడా మొలవదు. అన్నయ్య చనిపోయిన ఏడాది వదిన పాత జీన్సు ప్యాంట్లూ, చిరిగిన షామియానా గుడ్డా పోగేసి సంచుల్లా కుట్టి, మంచి మట్టి తెప్పించి నింపి, బీర, కాకర పెట్టింది.

గట్టు మొదట్లో వెదురు కర్రలు పాతింది. అక్కణ్ణుంచి మా అమ్మ పడుకునే వెనకగది కిటికీ ఊచలకి నైలాన్ తాళ్ళు లాగింది. తీగలు వాటి మీద పాకి కిటికీ దాకా వచ్చేవి. మంచం దిగలేని అమ్మ ఊచల్లోంచి చెయ్యి చాపి బీరపిందెల్ని తడుముకుని మురిసిపోయేది. తీగని తాడుకి కట్టడానికి జాకెట్టు గుడ్డల పీలికలు వాడేది వదిన. ఎనిమిది అంకెలా తిప్పి వదులుగా కట్టేది. కాడ లావెక్కినప్పుడు పీక నొక్కుకోకూడదట.

నేను ఐసు ఫ్యాక్టరీలో పని చేస్తాను, అక్కడే ఉంటాను. ఆదివారం చర్చి అయ్యాక వచ్చి సుష్ఠుగా తిని, ఏదో ఒక పని చేసినట్టు కనబడాలి కదా, తాళ్ళు సరిచేసేవాణ్ణి. ఆగస్టు మొదటి ఆదివారం తాళ్ళన్నీ కిందికి వేలాడుతున్నాయి. రెండు వేళ్ళ మేర లాగి ముడేశాను. మరుసటి ఆదివారం మళ్ళీ అంతే వదులు. నైలాన్ సాగుతోంది కాబోలనుకుని మళ్ళీ బిగించాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

మూడో ఆదివారం వదిన ఒక కుండీని పక్కకి వంచి అడుగు చూపించింది.

"నీళ్ళు పోసి నాలుగు రోజులైంది ఎడ్వినూ. వానా లేదు. పైన మట్టి ఎండిపోయింది, అడుగు చూడు, పిండితే కారేలా ఉంది."

కుండీలకి చెమట పడుతోందేమో వదినా అన్నాను. ఆమె నవ్వలేదు. గట్టు ఊరుతోందేమోనన్న ఆమె పోరు పడలేక అబ్బాయిరాజు గారికి ఫోన్ చేశాను. ఆయన ఎంత మర్యాదగా మాట్లాడారని! మీ వదిన గారికి మొక్కలంటే ప్రాణమండీ, గట్టు సంగతి మేం చూసుకుంటామండీ, వచ్చే నెల పొక్లెయిన్ పెట్టి మట్టి వేయిస్తామండీ అన్నారు. ఆ మెత్తని మాటకి నేను చల్లబడిపోయి, తాళ్ళు మళ్ళీ రెండు వేళ్ళు బిగించి వెళ్ళిపోయాను.

నాలుగో ఆదివారం కూడా తాళ్ళు వదులే. ముడి విప్పబోతే వదిన నా చెయ్యి పట్టుకుంది.

"కట్టకు."

మెడలో వేలాడే టేపు తీసి ఒక కొస నా చేతిలో పెట్టి, కర్ర దగ్గర పట్టుకోమంది. తను కిటికీ దగ్గర నిలబడి చదివింది.

"పాతిన రోజు పదడుగులు. ఇవాళ తొమ్మిదిన్నర. తాడు సాగలేదయ్యా, కర్రలే ఇంటి మీదికొస్తున్నాయి."

కర్రలు నిటారుగానే ఉన్నాయి. అంటే వాటి కింది నేల జరుగుతోంది, గట్టు మా మీదికి ఉబ్బుతోంది. నెల రోజులుగా గట్టు పిలుస్తుంటే ఆ నోరు నొక్కి ముడేసినవాణ్ణి నేనే.

అమ్మ కదలనంది. పిందెల్ని వదిలి రానని మొండికేసింది. జీవితంలో మొదటిసారి అమ్మని కసిరాను. కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరం మోసుకుంటూ పాస్టరు గారి అరుగు మీదికి చేర్చాం. మధ్యాహ్నం మూడింటికి గండి పడింది.

నీళ్ళు తీశాక వెళ్ళి చూశాను. వెనకగోడ కూలి అమ్మ మంచం మీద పడి ఉంది. కిటికీ చట్రం తలగడ ఉండే చోట ఉంది. వదిన కట్టిన పీలికలన్నీ ఊడి తీగలతోపాటు కొట్టుకుపోయాయి. ఊచలకి నేను బిగించిన ముడులు మాత్రం అలాగే ఉన్నాయి. వాటిని చూసి అక్కడే కూలబడి ఏడ్చాను.

ఇప్పుడు అద్దె ఇంట్లో ఉంటున్నాం. దాని వెనకా చెరువు గట్టే, ఈ ప్రాంతంలో గట్టు లేని పెరడు ఎక్కడ దొరుకుతుంది? వదిన మళ్ళీ కుండీలు కుట్టింది, కర్రలు పాతింది, అమ్మ కిటికీకి తాళ్ళు లాగింది. ముడేయడానికి వెళితే టేపు నా చేతిలో పెట్టింది.

"నువ్వు కట్టకు ఎడ్వినూ. కొలిచి చెప్పు, చాలు."

ప్రతి ఆదివారం కొలుస్తున్నాను. పాతిన రోజు ఎనిమిదడుగులు. నిన్న ఒక వేలెడు తగ్గింది. రెండుసార్లు కొలిచాను. వదినకి చెప్పాను. ఆమె లోపలికెళ్ళి అమ్మ చీరలు సంచిలో సర్దడం మొదలుపెట్టింది.