పుల్లీ నేనే బిగించిన రోజు

మా పిండి మిషను తిరగడం లేదన్న కబురు నాకు మొట్టమొదట మోసుకొచ్చింది పక్కింటి మునెమ్మత్త. ఆ కబురు వెనకాలే నా పరువు ఎలా పోయిందో ఇప్పుడు చెబుతాను. నోట్లో మరమరాలుంటే మింగేసి చదవండి, పొలమారితే నా పూచీ లేదు.

వడమాలపేటలో మాకు పిండి మిషను ఉంది. ఆయుధపూజకు ముందురోజు రేణిగుంట నుంచి మెకానిక్కు సుబ్బరామన్న వచ్చి, బెల్టు తిరిగే పుల్లీని ఊడదీసి, గ్రీజు పెట్టి, "ఎల్లుండి మద్దేనం వచ్చి నేనే బిగిస్తా. నువ్వు ముట్టుకోవద్దు తల్లీ" అని మరీ మరీ చెప్పి వెళ్ళాడు.

నేను బడి మొహం చూడలేదు. అక్షరాలు మా నాయన ఇంట్లోనే నేర్పాడు, ఆయన చలవ. మిషను పని మాత్రం చూసి చూసి నాకు నేనే నేర్చేసుకున్నానని అప్పట్లో గట్టి నమ్మకం.

పూజనాడు స్పానర్లు, సుత్తి అన్నీ అమ్మవారి ముందు పరిచాను. పుల్లీతోపాటు ఊడివచ్చిన వేలెడంత ఉక్కు ముక్క కనబడితే దానికీ గంధం పూసి, కుంకుమ బొట్టు పెట్టాను. పెళ్ళికూతురిలా మెరిసింది! మర్నాడు పొద్దున పనిముట్లన్నీ తీశాను గానీ, 'ఇంత చిన్నది, దేవుడి దగ్గరే ఉండనీలే' అని దాన్ని అక్కడే వదిలేశాను.

అంతలో మునెమ్మత్త తడి బియ్యం తట్టతో దిగింది. సాయంత్రం మనవరాలి నిశ్చితార్థం. అత్తిరసాలు, అవే అరిసెలు, చెయ్యాలి.

"తడారకముందే పిండి పట్టాలమ్మే. కోడలు పాకం పొయ్యి మీద పెట్టేసినాది. సుబ్బరాముడు మద్దేనం గానీ రాడంట గదా?"

"ఆయనెందుకత్తా? నేనుండానుగా!"

పుల్లీని రాయి తిప్పే షాఫ్టుకు తొడిగాను, బోల్టు బిగించాను, బెల్టు ఎక్కించి స్విచ్చి నొక్కాను. రాయితో సహా గిర్రున తిరిగింది. గింజలు పోసుకోమని అత్తకు చెప్పి, కృతజ్ఞతగా దీపం పెడదామని పూజగదిలోకి వెళ్ళాను. ఒత్తి అంటుకుందో లేదో, గుమ్మంలో కేక.

"ఏమ్మే పద్మా! పుల్లీ తిరగతా ఉండాది, రాయి తిరగలేదు! గింజ పడతానే నిలిచిపోయినాది!"

నిజమే. పుల్లీ పెళ్ళింట్లో పనిలేని చుట్టంలా ఒకటే హడావిడిగా తిరుగుతోంది, పని మాత్రం సున్నా.

"పూజలో ఏదో తక్కువ చేసుంటావు."

"అట్లే ఉండాదత్తా!"

పరుగున వెళ్ళి హారతి ఇచ్చాను. తిరగలేదు. టెంకాయ కొట్టాను. తిరగలేదు. నూటెనిమిది నామాలు మొదలుపెట్టేసరికి అత్త ఫోను మోగింది.

"పాకం ముదరతా ఉండాదా? దించెయ్యే, దించెయ్!"

ఆ కేకతో నాలో భక్తి పోయి భయం వచ్చింది. సుబ్బరామన్నకు ఫోను చేశాను. స్కూటరు మీద వచ్చి, పుల్లీ లాగి చూశాడు.

"ఈ గాడిలో ఉండే కీ యాడ తల్లీ?"

"ఏ కీ అన్నా?"

"ఉక్కు ముక్క. షాఫ్టుకు సగం గాడి, పుల్లీకి సగం గాడి, సూడు. రెంటి నడాన అది కూసుంటేనే పుల్లీతో పాటు షాఫ్టు తిరిగేది."

నా వేలు దానంతటది పూజగది వైపు తిరిగింది. ఆయన చెప్పులు విడిచి లోపలికెళ్ళి, అమ్మవారి పాదాల దగ్గర పూలు తప్పించి కీ తీశాడు. కుంకుమ బొట్టు చెక్కుచెదరలేదు.

"ఇంతసేపూ హారతి దీనికేనా తల్లీ?" అన్నాడు మెల్లగా.

కీ గాడిలో పడింది, రాయి తిరిగింది, పిండి రాలింది.

"ఏమైంది సుబ్బరామా?" అంది అత్త.

"ఏం లేదక్కా. కీ అరిగుండాది, సరిచేసినా."

"అదేం కాదు. నూటెనిమిది నామాల మహిమ!" అంటూ అత్త కొత్త పాకానికి పరుగెత్తింది. సాయంత్రం అందరికంటే ముందు నా చేతిలోనే అరిసె పెట్టింది. ఎంత సిగ్గుపడుతూ తిన్నానో ఆ తల్లికే తెలుసు.

అందుకే పసుపు చేత్తో ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట అమ్మవారిని ఏ వరం అడిగేముందైనా, ఆమె పాదాల దగ్గర పూలు తీసి ఒకసారి వెతుకుతాను.

సుబ్బరామన్న ఈ సంగతి ఈనాటి వరకూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు పని మానేసి ఇంటిపట్టునే ఉంటున్నాడు. మీ వీధిలో పిండి మిషను చప్పుడు వినబడితే, ఆయన్ను ఒక్కసారి తలచుకోండి.