ఆరేళ్ల పేరంటాలు

మా మనవరాలు ఫోన్‌లో జపాను బొమ్మల సీరియల్ చూస్తోంది. అందులో నాలుగేళ్ల పిల్లాడు ఇంట్లో ఒక్కడే ఉంటాడు. సరుకులు తెచ్చుకుంటాడు, వండుకుంటాడు. ఇంట్లో అందరూ ముచ్చటపడుతుంటే నేను లేచి వంటింట్లోకి వెళ్లిపోయాను.

తొంభైల చివర, పలాసలో మన పిల్లలు చిన్నవాళ్లుగా ఉన్న రోజులు గుర్తున్నాయా అక్కల్లారా? శ్రావణ శుక్రవారం పేరంటానికి బొట్టు పెట్టి పిలవడానికి వెళ్తే, మా వెనకింటి తలుపు ఆరేళ్ల గౌరి తీసింది.

“అమ్మేదే?” అన్నాను.

“నాన్నకి కిడ్నీలు పాడయ్యాయి కదా పిన్నీ, ఇద్దరూ ఇసాపట్నం ఆసుపత్రికి ఎల్లి నెలయింది. ఇంట్లో నానొక్కదాన్నే ఉన్నాను. నాకే పెట్టు బొట్టు.”

సాయంత్రం తల్లి గాజులు మోచేతి పైదాకా తోసుకుని గౌరి వచ్చింది. “ఓలమ్మో, పెద్ద ముత్తైదువొచ్చిందర్రా!” అని అందరం నవ్వాం. నానిన శెనగలు గౌను ఒడిలో పోయించుకుని, “ఇంకో గుప్పెడెయ్యి పిన్నీ, రేపు కూడా వొండక్కర్లేదు” అంది. ఎంత బుద్ధిమంతురాలో అని మళ్లీ మురిసిపోయాం.

తలచుకుంటే నామీద నాకే రోత. అమ్మవారివని ఆ చిన్ని కాళ్లకు పసుపు రాసి దండం పెట్టాను. ఈ పూట మా ఇంట్లో పడుకోవే అని ఒక్క మాట అనకుండా, ఆ కాళ్లతోనే ఖాళీ ఇంటికి పంపేశాను.