నా కూరలో అందరి ఉప్పు

ఎవరికీ చెప్పుకోలేదు గానీ, వంట మొదలుపెట్టి ఇన్నాళ్లయినా నా చేతి కూర ఎలా ఉంటుందో నాకే తెలిసేది కాదు. తినక కాదు. నేను చేసిన కూర నేను చేసినట్టుగా ఏనాడూ కంచం దాకా రాలేదు.

పటమటలోని మా వంటిల్లు ఇద్దరు నిలబడితే మూడో మనిషి గుమ్మంలోనే ఆగాల్సినంత ఇరుకు. అయినా నేను బీరకాయలు చెక్కు తీసి, పోపులో ముక్కలు వేసి మూత పెట్టానో లేదో, ఎవరో ఒకరు ఆ మూత తీస్తారు. బీరకాయ మొదట మూకుడు నిండా కనిపించి, నీళ్లు వదిలి, చివరికి గుప్పెడవుతుంది. అందుకే ఉప్పు తగ్గించి వేస్తాను. కొత్తిమీర కడగడానికి అటు తిరిగితే చాలు, అమ్మ వచ్చి రుచి చూసి కాస్త ఉప్పు చల్లుతుంది. అమ్మ అటు వెళ్లగానే నాన్నమ్మ వస్తుంది. "దీని చేతికి ఉప్పు రాదు," అని గోడకు చెప్పినట్టు చెప్పి, ఆవిడా ఇంత వేస్తుంది. ఒకరు వేసిన సంగతి ఇంకొకరికి తెలియదు. ఇద్దరూ వేశారని నాకు తెలుసు. నాకేమో నోరు పెగలదు.

నాన్న ఇబ్రహీంపట్నంలో డ్యూటీ దిగి వచ్చి అన్నానికి కూర్చుంటారు. మొదటి ముద్దకే మంచినీళ్ల గ్లాసు అందుకుంటారు.

"ఇవాళ వంట మా అమ్మాయిదన్నమాట. బందరు దాకా వెళ్లే పని లేకుండా సముద్రాన్ని ఇంటికే తెచ్చింది."

"చూసి వెయ్యవే అని చెప్తూనే ఉన్నానండీ," అంటుంది అమ్మ.

"పోన్లేరా, పిచ్చిది, నేర్చుకుంటుంది," అని నాన్నమ్మ నన్ను వెనకేసుకొస్తుంది. అన్నిటికంటే అదే ఎక్కువ మండుతుంది నాకు. అనాల్సినవన్నీ డైరీలో రాసుకుని, మర్నాడు మళ్లీ నోరు మూసుకుని కూరగాయలు తరుగుతాను.

మొన్న ఆదివారం కంకిపాడులో చుట్టాల గృహప్రవేశానికి అమ్మా నాన్నమ్మా పొద్దున్నే బస్సెక్కారు. నేను దొండకాయలు సన్నగా చక్రాల్లా తరిగి మూకుట్లో వేశాను. సగం చదివిన నవల తెచ్చుకుని స్టవ్ పక్కనే నిలబడ్డాను. పేజీ తిప్పినప్పుడల్లా అట్లకాడతో ఓసారి కలిపాను. మూత తీసేవాళ్లు లేరు. ముక్కల అంచులు ఎర్రబడ్డాక ఉప్పు వేసి, చివర్లో వెల్లుల్లి కారం చల్లి దించాను.

నాన్న గ్లాసు ముట్టుకోలేదు. మారు వడ్డించుకున్నారు. బాగుంటే ఏమీ అనకపోవడం ఆయనకు అలవాటు. తర్వాత నేనూ తిన్నాను. కారం కాస్త ఎక్కువైంది. అయితేనేం, ఆ ఎక్కువ నాదే.

సాయంత్రం అమ్మ వస్తూనే, చీరైనా మార్చుకోకుండా, మిగిలిన వేపుడు గిన్నెలోంచి తీసి నోట్లో వేసుకుంది.

"ఉప్పు సరిగ్గా సరిపోయిందే! నాన్నగారు చూశారా?"

"ఎవరూ చూడలేదు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "మీరెవరూ వెయ్యలేదు కాబట్టే సరిపోయింది."

కోప్పడుతుందనుకున్నాను. అమ్మ నా వైపు ఓసారి చూసి, ఇంకాస్త తీసుకుని నెమ్మదిగా నమిలింది. గిన్నె మీద మూత పెట్టి, గుమ్మం దాటుతూ అంది:

"అయితే రేపట్నుంచి కూర నువ్వే చెయ్యవే. ఉప్పు నేను చూస్తాలే."