రంగులను నమ్మని కామేశ్వరి గారు

కామేశ్వరి గారు పరమపదించారన్న వార్తను నేను మొదట విశ్వసించలేదు. గత ఆదివారం ఉదయం ఫరీదాబాద్ నుంచి ఆమె కుమార్తె ఫోన్ చేసి, "అంకుల్, మమ్మీ నహీఁ రహీఁ" అన్నప్పుడు నా హిందీ మీదే నాకు అనుమానం కలిగింది. మళ్ళీ చెప్పించుకున్నాను. అంతకు మూడు రోజుల ముందే ఆమెతో మాట్లాడాను. స్వరంలో ఏ నలతా లేదు. నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

భీమవరంలో పుట్టి, సుబేదారైన భర్త వెంట ఢిల్లీ కంటోన్మెంటుకు వచ్చిన ఆ ఇల్లాలు నలుపు తెలుపు ఫొటోలకు కుంచెతో రంగులద్దుతూ వృత్తి ప్రారంభించారు. కంప్యూటర్లు వచ్చాక ఆ విద్యనూ స్వయంకృషితో సాధించి, ఢిల్లీలోనే సాకేత్‌లో కేటలాగులు తయారుచేసే మా స్టూడియోలో చేరారు. వరంగల్ నుంచి వచ్చిన నాకు ఆమె పక్క కుర్చీ దొరికింది. ఆఫీసంతటికీ ఆమె ఆంటీ. నాకు మాత్రం కామేశ్వరి గారు.

ఆమె దేనినీ తేలికగా నమ్మేవారు కాదు. ప్రతి సోమవారం మానిటర్ వెలిగించి, అది వేడెక్కేదాకా అరగంట ఆగేవారు. కిటికీ తెర లాగి, రంగులు కొలిచే చిన్న పరికరాన్ని మానిటర్‌కు ఆనించి వేలాడదీసేవారు. దాని కింద ఎరుపు, ఆకుపచ్చ, నీలం, బూడిద వరుసగా మారుతుంటే, అది ఒక్కొక్కటీ కొలిచి తేడాలు సరిదిద్దేది. చీర ఛాయ తెర మీద పడుతుందని ఆఫీసుకు బూడిదరంగు చీరలే కట్టేవారు. "చూడ్డానికి మరీ అందంగా ఉందంటే అది మనల్ని మోసం చేస్తున్నట్టే" అనేవారు. ఎవరూ ముట్టకుండా మానిటర్ మీటల మీద టేపు అంటించేవారు.

ఆ టేపే నాలో సందేహం రేపింది. పాత పెట్టె మానిటర్లు పోయి పలుచని తెరలు వచ్చిన ఏడాది, ఫరీదాబాద్‌లోని ఒక దుప్పట్ల కర్మాగారం మా కేటలాగు నమూనాను తిప్పి పంపింది. తెల్ల దుప్పట్లన్నీ నీలంగా వచ్చాయి. ఇంకొకసారి అలా జరిగితే పని వేరొకరికి ఇస్తామన్నారు. నా తెర మీద కూడా అవి నీలంగానే ఉన్నాయి. నీ మానిటర్‌దే తప్పని ఆమె కొట్టిపారేశారు. ఆమె ఏదో దాస్తున్నారని, కొలతలు తనకు కావలసినట్టు మారుస్తున్నారని యజమానికి రహస్యంగా చెప్పాను. ఆ పాపం నాదే.

మరునాడు ఆమె టేపు పీకేసి, పరికరం నా చేతిలో పెట్టారు. "నువ్వే పెట్టు శేఖరం. నీదానికీ, నాదానికీ. నేను ముట్టుకోను."

రెండు మానిటర్లూ కొలిచాను. ఆమెది సరిగానే ఉంది. నాదే కొద్దిగా పక్కకుపోతే పరికరం సరిదిద్దింది. తర్వాత రెండింటి మీదా ఒకే దుప్పటి ఫొటో తెరిచాను. రెండు చోట్లా నాకు నీలమే కనిపించింది. ఏ రంగుగా ఉందని ఆమె అడిగారు. చెప్పాను. ఆమె తెల్ల కాగితం ఒకటి తీసుకుని, అరచేత్తో ఒక కన్ను, ఆ తర్వాత రెండోది మూసి చూశారు.

"కుడికంటికి పసుపు నీళ్ళలో ముంచినట్టుంది. ఎడమది కాస్త నయం" అన్నారు. "మానిటర్ని కాదు శేఖరం, నన్ను అనుమానించాల్సింది."

తెలుపు పసుపుగా కనిపించడంతో ఇంతకాలం దానికి నీలం కలుపుతూ వచ్చారన్నమాట. తప్పు తనదేనని ఆమె స్వయంగా వెళ్ళి యజమానితో చెప్పి, దుప్పట్ల పని నాకు ఒప్పగించారు. శుక్లాలకు శస్త్రచికిత్స చేయించుకుని రెండు నెలలకు తిరిగొచ్చారు. ఆ తర్వాత కూడా ఏ తెలుపునూ నాకు చూపించకుండా పంపలేదు. "అచ్ఛా, నువ్వు చెప్పు" అని పిల్లలా అడిగేవారు.

దహనం ముగిసి వాళ్ళింటికి వచ్చాక, యజమానికి నేను చేసిన ఫిర్యాదు సంగతి ఆమె కుమార్తెకు చెప్పాను. మమ్మీకి ఆ రోజే తెలుసని ఆ అమ్మాయి హిందీలో జవాబిచ్చింది. యజమానే చెప్పాడట. "ఆ అబ్బాయి అనుమానించబట్టే నా కంటి సంగతి బయటపడింది, అతన్ని ఏమీ అనకండి" అని ఆమె ఇంట్లో చెప్పారట.

ఆ తర్వాత నాలుగేళ్లు నా పక్కనే కూర్చున్నారు. ఒక్క మాటలోనైనా, ఒక్క చూపులోనైనా ఆ సంగతి తెలియనివ్వలేదు. క్షమాపణ చెప్పుకోవలసిన ఆ సాధ్వీమణి లేని ఇంటి గుమ్మంలో చేతులు జోడించి నిలబడ్డాను. ఆ లోటు నాకు ఈ జన్మలో తీరేది కాదు.