నోరు తెరవని కాగితం

నా చిన్నప్పుడు మా ఇంట్లో పువ్వులన్నీ గళ్లలోనే పూసేవి. మా తాతయ్య చద్దర్లకు డిజైన్లు గీసేవాడు. సన్నటి గళ్ల కాగితం నేలమీద పరిచి, ఒక్కో గడిలో ఎర్రరంగు నింపుకుంటూ పోతే మధ్యాహ్నానికి నెమలి తోక, పొద్దుగూకే వేళకు మెడ తేలేవి. ఒక గడి అంటే ఒక దారం. ఆ కాగితం చూసి అట్టలకు రంధ్రాలు కొట్టేవాళ్లు. ఆ అట్టలు మగ్గం నెత్తిన తిరుగుతుంటే కింద చద్దర్ మీదికి నెమలి దిగేది. నాకు అక్షరాల కన్నా ముందు గళ్లు నింపడం వచ్చింది. తాతయ్య అంచు గీసిస్తే లోపల రంగు నింపడం నా పని. అంచు దాటితే తిట్టేవాడు కాదు గానీ, చాయ్ తాగడం ఆపి చూసేవాడు. ఆ చూపు కంటే తిట్టే నయం.

అప్పుడు మేం షోలాపూర్‌లో కుంఠా నాకా దగ్గర ఒక గల్లీలో ఉండేవాళ్లం. నాన్న పక్కింటివాళ్ల కార్ఖానాలో సాంచాల మీద చద్దర్లు నేసేవాడు. కరెంటుతో నడిచే మగ్గాలను మావాళ్లు సాంచాలంటారు. అమ్మ ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టేది. ఆ గల్లీలో చప్పుడు ఆగిందంటే కరెంటు పోయిందని అర్థం. అప్పుడు జనం బయటికొచ్చి, ఒకరి మాట ఒకరికి వినపడుతోందని కాసేపు సంతోషపడేవాళ్లు.

షోలాపూర్ చద్దర్ మీరూ ఎప్పుడో ఒకప్పుడు కప్పుకునే ఉంటారు. ఒక పక్క ఎర్ర నేలమీద తెల్ల పువ్వు, తిరగేస్తే తెల్ల నేలమీద ఎర్ర పువ్వు. నిజానికి అది ఒక గుడ్డ కాదు, కలిపి నేసిన రెండు పొరలు. రంగులు పైకీ కిందికీ మారే చోటే ఆ పొరలు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. పువ్వూ ఆకూ లేకుండా జాగా ఎక్కువగా వదిలేస్తే అక్కడ పట్టు ఉండదు, పొరలు విడిపోయి సంచిలా ఉబ్బుతాయి. దాన్ని మా తాతయ్య గుడ్డ నోరు తెరవడం అనేవాడు. అందుకే నాలుగు వేళ్లు పట్టేంత ఖాళీ కనపడితే చాలు, అక్కడ ఒక చుక్కో గింజో చిన్న ఆకో పెట్టి తీరాల్సిందే. ఆయన చెప్పిన మాటల్లో నేను మారు మాట్లాడకుండా పట్టుకున్నది ఇదొక్కటే.

నోరు తెరిచిన చద్దర్ ఒకటి మా ఇంట్లోనే ఉండేది. ఎవరో తెలివైనవాడు మధ్యలో పెద్ద జాగా వదిలి గీసిన డిజైన్ అది. అమ్ముడుపోక మాకు దక్కింది. నేసేవాళ్ల ఇళ్లలో కప్పుకునేవి అన్నీ అటువంటివే లెండి. ఒక మూల చిరిగి, చలికాలంలో కాలు చాపితే వేళ్లు రెండు పొరల మధ్యలోకి దూరిపోయేవి. పొద్దున లేచి కాలు ఊడబీక్కోవడం ఒక పని. ఖాళీ వదిలితే ఏమవుతుందో నాకు ఎవరూ వేరే చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

పక్కింటి అక్క మా నాన్న పనిచేసే కార్ఖానా మాలక్ కూతురు. డ్రాయింగ్ టీచర్ చదువు చదివి, బడిలో ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ ఇంట్లో ఉండేది. కార్ఖానా వెనక ఒక గది ఖాళీగా ఉంటే వాళ్ల నాన్నను బతిమాలి, ఆదివారాలు గల్లీ పిల్లలకు అందులో బొమ్మల క్లాసు పెట్టుకుంది. చప్పుడుకు గోడలు అదిరేవి. అక్క గొంతు పెంచి చెప్పేది, మేం గొంతు పెంచి జవాబిచ్చేవాళ్లం. బయటినుంచి వినేవాళ్లకు అది క్లాసో కొట్లాటో తెలిసేది కాదు.

అక్కవాళ్ల నాన్న, ఆ పెద్దాయన, చెడ్డవాడు కాదు, కానీ ఖాళీ జాగాను చూసి ఊరుకోలేడు. ఒకరోజు మా అందరి ముందే, "ఈ గది ఎన్ని దినాలు రికామ పెట్టుకోవాలె బిడ్డా? ఇగో, ఈ యేటి డ్రాయింగ్ పరీక్షల పిల్లలందరు పాసైతే గది నీది. ఒక్కలు తప్పినా రెండు సాంచాలు ఎక్కిస్త. నువ్వు చద్దర్లు మడత పెట్టుకుంట కూసో," అన్నాడు. రికామ అంటే మరాఠీలో ఖాళీ అని. ఆ డ్రాయింగ్ పరీక్ష మహారాష్ట్రలో బడిపిల్లలకు సర్కారు పెట్టేది. అక్క తలూపి సుద్దముక్క చేతిలోకి తీసుకుంది. ఆ ఇంట్లో తను చెప్పినట్టు నడిచేది ఆ గది ఒక్కటే. అది పోతే ఆమెకు మిగిలేది చద్దర్ల మడతేనని మా అంత పిల్లలకు కూడా తెలిసింది.

ఆమె నేర్పిన తీరు నాకు ఇప్పటికీ ముచ్చటే. మొదటి ఆదివారం పెద్ద కాగితం మీద ఒక్క చుక్క పెట్టి, అది మధ్యలో ఉంటే ఎట్లా ఉంది, మూలకు జరిపితే ఎట్లా ఉందని అడిగింది. తర్వాత చుక్క నడిస్తే గీత అయింది, గీత తిరిగొచ్చి తన తోకను తనే అందుకుంటే ఆకారం అయింది. బీడీలకు ఆకు కత్తిరించాక మిగిలే ముక్కలను ఇళ్ల నుంచి తెమ్మని, తెల్ల కాగితం మీద పేర్పించింది. అమ్మ ఊడ్చిపారేసే ముక్కల్లో ఇన్ని ఆకారాలున్నాయని అప్పుడే చూశాం. ఒకదాని పక్కన ఒకటి పెడితే బరువు ఎటు ఒరుగుతుందో, ఒకే ముక్కను మళ్లీ మళ్లీ పెడితే కన్ను ఎట్లా నడుస్తుందో చూపించింది. చివరికి అసలు సంగతి చెప్పింది. బొమ్మ ఎంతో, బొమ్మ చుట్టూ ఉన్న జాగా కూడా అంతే. ఆ జాగాకూ ఒక ఆకారం ఉంటుంది, దాన్ని ఊపిరాడనీయాలి.

అందరూ నేర్చుకున్నారు, నేను తప్ప. నా చెయ్యి బాగుంటుందని అందరికంటే ముందు నన్నే మెచ్చుకుంది అక్క. తీరా చూస్తే నా కాగితంలో ఈగ వాలడానికి కూడా సందు ఉండేది కాదు. రెండు ఆకుల మధ్య చుక్క, ఆ చుక్కకూ ఆకుకూ మధ్య మరో గింజ. జాగా వదలమని చెప్తే బుద్ధిగా తలూపేదాన్ని. ఆమె పక్క పిల్ల దగ్గరికి పోయి తిరిగొచ్చేలోపల మళ్లీ నింపేసేదాన్ని. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. తప్పే ఆ ఒక్కరు ఎవరో పిల్లలందరికీ తెలిసిపోయింది. వాళ్లు నా పక్కన కూర్చోవడం మానేశారు. నాకు ఏడుపొచ్చేది. కానీ నాలుగు వేళ్ల ఖాళీ చూస్తే తాతయ్య చాయ్ ఆపి చూసే చూపు గుర్తొచ్చేది, చెయ్యి తనంతట తనే చుక్క పెట్టేది.

చివరికి అక్క మా ఇంటికే వచ్చింది. గడపలో కూర్చుని, ఈ పిల్ల నా మాట వింటలేదని తాతయ్యకు చెప్పుకుంది. "నా మాట ఇంటది గద," అన్నాడాయన తలెత్తకుండా. అక్క నా కాగితం ఆయన ముందు పెట్టి, ఈ చుక్కలు ఎందుకో అడగమంది. తాతయ్య కాగితాన్ని చాలాసేపు చూశాడు. ఒక్క తప్పూ దొరకలేదు కాబోలు, ముఖం వెలిగిపోయింది. లేచి, మా నోరు తెరిచిన చద్దర్ దించి, చిరుగులోంచి రెండు పొరల మధ్య చెయ్యి మణికట్టు దాకా దూర్చి చూపించాడు. "జాగా ఇడిస్తె గిట్లయితది బిడ్డా. పిల్ల కరెక్టే పెట్టింది."

చద్దర్ల మధ్య పుట్టి పెరిగిన పిల్ల, అక్కకు ఆ సంగతి తెలియక కాదు. నేను బొమ్మ గీయడం లేదు, చద్దర్ నేస్తున్నానని అప్పటిదాకా తట్టలేదు, అంతే. ఆమె తాతయ్యతో వాదించలేదు. చద్దర్ మడతపెట్టి, దాన్ని ఒక వారం ఇవ్వమని అడిగి తీసుకుపోయింది.

ఆ ఆదివారం క్లాసులో నన్ను ముందుకు పిలిచింది. చద్దర్ పరిచి, లోపల చెయ్యి పెట్టమంది. పెట్టాను, మోచేతి దాకా పోయింది, పిల్లలు నవ్వారు. తర్వాత ఒక తెల్ల డ్రాయింగ్ కాగితం నా చేతికిచ్చి, దీని లోపల కూడా చెయ్యి పెట్టమంది. నేను వెర్రిదానిలా ఆమె ముఖం చూశాను. ఆమె మాత్రం నవ్వడం లేదు. కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాను. గోటితో అంచు గీరాను.

"పోతలేదక్కా," అన్నాను.

"ఎందుకు పోతలేదు?"

"దీనికి లోపల లేదు."

"లేదు గద. పొడుగుంది, వెడల్పుంది, బస్. ఒక్కటే పొర. మరి నోరెట్ల తెరుస్తది?"

కాగితాన్ని కింద పెట్టాను. ఎవరో నా భుజాల మీద నుంచి మూట దించినట్టయింది. ఇన్నాళ్లూ ఆమె మాట వింటే తాతయ్య మాట తప్పినట్టని భయపడ్డాను. ఆయన మాట గుడ్డకు, ఆమె మాట కాగితానికి. రెండూ ఒకదానికొకటి అడ్డం రావు. ఇంత చిన్న సంగతి ఎవరూ విడదీసి చెప్పక నాకు తెలియలేదు.

తెలిసినంత మాత్రాన చెయ్యి వింటుందా? అలవాటు అలవాటే. అక్క ఇంకో ఉపాయం చెప్పింది. ఎక్కడ జాగా ఉండాలో అక్కడ ఎడమ అరచెయ్యి ఆనించి ఉంచుకోమంది. కుడిచెయ్యికి చోటు లేకపోతే అదే ఊరుకుంటుంది. అట్లా గీసిన మొదటి కాగితాన్ని ఇంటికి తీసుకుపోయి తాతయ్యకు చూపించాను. ఒక మూల పెద్ద పువ్వు, వంగిన కాడ, మిగతా అంతా తెల్లగా ఉంది. ఆయన వేళ్లు తెల్ల జాగా మీద తిరిగాయి. "ఇది సాంచ మీదికి పోదు గద?" అని అడిగాడు. పోదన్నాను. "అయితే ఉండనీ," అని చాయ్ తాగాడు. ఆ చాయ్ చప్పుడు విన్నాక నాకు నిద్రపట్టింది.

పరీక్షలో ఇచ్చిన చతురస్రంలో ఆకులూ పువ్వులతో డిజైన్ వేయమన్నారు. పక్కన కూర్చున్న వేరే బడుల పిల్లలు నింపుకుంటూ పోతుంటే నా చెయ్యీ చుక్క పెట్టడానికి లేచింది. కళ్ల ముందు పరీక్ష లేదు, ఆ గదిలో రెండు సాంచాలు, పక్కన చద్దర్లు మడతపెడుతున్న అక్క కనిపించింది. ఎడమచెయ్యి కాగితం మీద గట్టిగా అదిమి, గంట కొట్టేదాకా తీయలేదు. తీస్తే అక్కడ చెమట మరక పడింది. దానికి మార్కులు తీసేస్తారేమోనని ఫలితాలు వచ్చేదాకా నలిగిపోయాను.

అందరం పాసయ్యాం. పెద్దాయన మాట మీద నిలబడ్డాడు. పైగా, నా బిడ్డ రికామ గదిల పంట తీసిందని కుంఠా నాకా అంతా చెప్పుకు తిరిగాడు. తర్వాత కొన్నేళ్లకు అక్క పెళ్లి చేసుకుని భివండీ వెళ్లింది. ఆమె వెళ్లాక ఆ గదిలో సాంచాలు ఎక్కాయి. ఇక వాటికి ఎవరు అడ్డం? నేనూ పెళ్లయి వేరే పేటకు పోయాను, పిల్లల్ని కన్నాను, ఇప్పుడు హోట్గి రోడ్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాను. బొమ్మలు వేసి నేను పేరు తెచ్చుకున్నది ఏమీ లేదు. పండగలకు ముగ్గు వేస్తే, కోడలు వచ్చి, మధ్యలో ఇంత వదిలేశారేందత్తమ్మా అంటుంది.

పోయిన ఏడాది అక్క భర్త పోయాడు. ఆమె తమ్ముడి దగ్గరికి, ఆ పాత ఇంటికే వచ్చేసింది. కార్ఖానా మూతపడి, సాంచాలు తుక్కుకింద పోయాయి. వెనక గది మళ్లీ ఖాళీ అయింది, దాన్నే ఆమెకిచ్చారు. నేను చూడబోయేసరికి గది నిండా ఆడవాళ్లున్నారు. వచ్చినవాళ్లు వచ్చినట్టు దేవుని రాత అంటున్నారు, ధైర్యం చేసుకోమంటున్నారు. ఇంత రికామ గదిలో ఒక్కదానివి ఎట్లుంటవు, టీవీ పెట్టించుకో, దివాన్ వేయించుకో అంటున్నారు. తమ్ముడి భార్య ఏ గోడకు ఏది ఆనించాలో అప్పుడే చూపిస్తోంది. వాళ్లది ప్రేమే. కొందరి దుఃఖం చద్దర్ లాంటిది. మాట అనే చుక్క పెట్టకుండా వదిలేస్తే నోరు తెరిచి మనిషినే మింగుతుంది. అట్లాంటివాళ్ల ఇళ్లలో నేను కూడా గంటలు గంటలు మాట్లాడిన దాన్నే. అక్కది చద్దరో కాగితమో మాత్రం నాకు తెలియలేదు. వెళ్లి ఆమె పక్కన చాప మీద కూర్చున్నాను. నోటిదాకా ఎన్నో వచ్చాయి. ఏదీ అనలేదు.

అందరూ లేచిపోయారు. ఎదురుగోడ ఖాళీగా ఉంది, సాంచాల నూనె మరకలు మాత్రం మిగిలాయి. చాలాసేపటికి అక్క చూపు దించి, చాప మీద మా ఇద్దరి మధ్య వెడల్పుగా ఆనించిన నా ఎడమచెయ్యిని చూసింది. నేను దాన్ని ఎప్పుడు అట్లా పెట్టానో నాకే తెలియదు.

"ఇప్పుడు చుక్కలు పెడ్తలేవా?" అంది.

"పెడ్తలేనక్కా."

ఆమె తమ్ముణ్ణి పిలిచి, టీవీ వద్దు, ఆ గోడ అట్లనే ఉండనీయమని చెప్పింది. తర్వాత అంతవరకు రాని ఏడుపు వచ్చింది ఆమెకు, నెమ్మదిగా, ఎవరూ ఆపకుండా. నేను చెయ్యి తీయలేదు.