మార్కెట్లో మోగిన ఎర్ర ఈల

దివ్యశ్రీకి ఉన్నది ఒకే ఒక్క అలవాటు: ఎవరైనా అబద్ధమాడితే ఈల ఊదుతుంది. టీవీలో ఈలల ఝాన్సీ అనే మొండిపిల్ల రాజునైనా మంత్రినైనా అలాగే పట్టిస్తుంది మరి. ఝాన్సీ బొమ్మల పుస్తకం, దాంతోపాటు ఎర్ర ఈల ఆర్మూర్ బస్టాండు దగ్గర కొనిచ్చింది తాత లింబాద్రే. గొప్పలు చెప్పడంలో మండలం మొత్తంలో తనను మించినవాడు లేడన్న సంగతి కొనేటప్పుడు ఆయనకు గుర్తు రాలేదు.

“నా పడుచు వయసుల రెండు పసుపు బస్తాలు నెత్తిన పెట్టుకొని మోర్తాడ్ నుంచి నడిచొచ్చిన!”

పీప్!

“సరే, ఒక్కటి.”

పీప్!

“ఖాళీ బస్తానే తియ్యే!”

అప్పుడు ఊరుకుంది.

ఇంట్లో ఉన్నంతవరకు అది నవ్వులాటే. బడికి సెలవని, పసుపు అమ్మడానికి పిల్లను మార్కెట్‌కు వెంట తెచ్చుకున్న రోజు మాత్రం కొంప మునిగింది.

“ఎన్ని దినాలు ఎండింది కాకా?” పసుపు కొనే జమీల్ సేటు కుప్పలోంచి ఒక కొమ్ము తీశాడు.

“పదిహేను.”

పీప్!

“పన్నెండు...”

పీప్!

రైతులంతా పని ఆపి చూశారు. లింబాద్రి చెవులు కాలిపోయాయి.

“ఏడు,” అన్నాడు నేల చూస్తూ.

సేటు విరవబోతే కొమ్ము విరగకుండా వంగింది. “మంచిగ ఎండబెట్టి తే కాకా.”

పక్క కుప్ప గంగవ్వ నవ్వుతూ నోటికి పైట అడ్డం పెట్టుకుంది. “మీ పోలీసమ్మ మస్తుందే లింబాద్రన్నా!”

ఖాళీ గోనెసంచి దొరికితే లింబాద్రి అందులో దూరేవాడే. ఆటో ఎక్కగానే మనవరాలి వైపు తిరిగాడు.

“నా ఇజ్జత్ తీసినవ్ గదనే!”

“తడి పసుపు కొన్నోళ్ల ఇంట్ల బూజు పడ్తదని నువ్వే చెప్పినవ్ గద తాతా.”



ఇంటికి రాగానే లింబాద్రి మోకాళ్ల నొప్పులని మంచమెక్కాడు. నొప్పి కొంత, సిగ్గు మిగతాదంతా. ఎనిమిది రోజులు దివ్యశ్రీ బడి నుంచి వస్తూనే, యూనిఫాం మార్చకుండానే టార్పాలిన్ మీద పసుపు తిరగేసింది. కిటికీలోంచి ఆమెను చూసిన ప్రతిసారీ లింబాద్రి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మళ్లీ మార్కెట్. ఈసారి కొమ్ము టప్పున విరిగింది.

“వారెవ్వా! ఎవరు ఎండబెట్టిన్రు?” అన్నాడు సేటు.

లింబాద్రి నోరు తెరిచేలోపే దివ్యశ్రీ ముందుకొచ్చి, గంగవ్వకు కూడా వినపడేలా అరిచింది:

“మా తాతనే! ఒక్కడే! మోకాళ్లు నొస్తున్నా గూడ!”

అంటున్న పిల్లకు మోచేతుల దాకా పసుపే.

లింబాద్రి మెల్లగా వంగి, మనవరాలి మెడలోని ఎర్ర ఈల అందుకుని, మార్కెట్ అదిరిపోయేలా ఊదాడు.